మందు కంపెనీ

భరూచ్,
30 జూలై 2023

పెద్దనాన్నా, పెద్దమ్మా, ఇద్దరికీ సలాం.

పెద్దనాన్నా, నీతో ఫోన్లో మాట్లాడుతుంటే మా హాస్టల్లో అందరూ తలుపులు తీసి చూస్తున్నారు, ఎవరితో పోట్లాడుతున్నానా అని. నేను అరుస్తాను, నువ్వు "ఆఁ?" అంటావు, మళ్ళీ అరుస్తాను. జిన్నింగ్ మిల్లు నీ చెవుల్ని దూదితో పాటే మింగేసింది కాబట్టి ఇక ఉత్తరాలే మనకి గతి. వాట్సాప్‌లో అక్షరాలు ఆనవని నువ్వే అన్నావు. చూడు, ఎంత లావుగా రాస్తున్నానో.

పేట బస్టాండులో బస్సు కదులుతుండగా నువ్వు ఒక మాట అడిగావు. "ఇంతకీ అక్కడ నీ పనేంటే?" అని. నా జవాబు నీకు వినబడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది మందు తయారుచేసే కంపెనీ. తయారయ్యే దారిలో ఆల్కహాల్ వాడతారు. పని అయిపోయాక దాన్ని పారబొయ్యకుండా కాచి, ఆవిరి పట్టి, చల్లార్చి, మళ్ళీ పీపాల్లోకి పట్టుకుంటారు. నన్ను ఆ సెక్షన్లోనే వేశారు. ఇంగ్లీషులో డిస్టిలేషన్ అంటారు. నీకర్థమయ్యేలా చెప్పాలంటే బట్టీ. కాకపోతే మేడంత ఎత్తుంటుంది. హెల్మెట్ పెట్టుకుని, బూట్లు వేసుకుని దాని మీదికి ఎక్కి మీటర్లు చూసి దిగుతాను. ఇక్కడి ఆపరేటర్లు నన్ను రుక్సానాబెన్ అంటారు. బెన్ అంటే అక్క అట. నాన్న వయసు వాళ్ళు కూడా అక్కా అంటుంటే మొదట్లో నవ్వొచ్చేది.

ఒక సంగతి చెప్తే నమ్మవు. నా గది కిటికీ వెనకంతా నల్లరేగడి, అందులో పత్తి. మన మార్టూరు నుంచి ఇంకొల్లు పోయే దారిలో ఉన్నట్టే ఉంది. ఇంకా పూత పట్టలేదు. దాన్ని చూస్తుంటే నీ పరుపుల కొట్టు గుర్తొస్తుంది. నువ్వు దూది ఏకి కుప్ప పోసేవాడివి, అష్రఫ్ అన్న నన్నెత్తి అందులో పడేసేవాడు. అన్న ముఖం నాకు సరిగా గుర్తులేదు. ముక్కులో దూది పోయి తుమ్ముతూ ఉండటం, అన్న నవ్వటం గుర్తున్నాయి. పాపం, ఆ జ్వరం రాకపోతే ఈపాటికి పిల్లల తండ్రి అయ్యుండేవాడు.

పెద్దమ్మకి ఎండలో తిరగొద్దని చెప్పు.

నీ
రుక్సానా


మార్టూరు,
19 ఆగస్టు 2023

అమ్మాయ్ రుక్సానా,

అల్లా దయవల్ల ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. నీ ఉత్తరం వచ్చేదాకా ఇంకా కులాసాగా ఉన్నాం.

మీ నాన్నని అడిగితే కెమికల్ కంపెనీ అని కాగితం మీద రాసి చూపించాడు. నువ్వేమో మందు అంటున్నావు, ఆల్కహాల్ అంటున్నావు, కాచి పీపాల్లో పడుతున్నామంటున్నావు. బట్టీ అని నీ చేత్తో నువ్వే రాశావు. మా చిన్నప్పుడు వాగు ఒడ్డున తుమ్మచెట్ల చాటున ఆ బట్టీ పెట్టేవాళ్ళు. పోలీసులొస్తే కుండలు పగలగొట్టి పారిపోయేవాళ్ళు. ఆ పనికి ఇంజనీరింగ్ చదువు ఉందని, దానికోసం నిన్ను నాలుగేళ్ళు కాలేజీకి పంపామని నాకిప్పుడే తెలిసింది.

టీకొట్టు మాలిక్‌ని అడిగాను. పేరు చెప్పలేదులే, ఊరికే అడిగినట్టు అడిగాను. గుజరాత్‌లో మందు నిషేధం, ఒక్క చుక్క దొరికినా జైలే అన్నాడు. అంటే మీది దొంగ బట్టీనా? నీకు హెల్మెట్ ఎందుకిచ్చారో ఇప్పుడర్థమైంది, పోలీసులు కొడితే తగలకుండా.

నీకు ఉద్యోగం వచ్చిందని మీ పెద్దమ్మ వీధి వీధంతా సేమ్యా పంచింది. ఇప్పుడు ఎవరైనా అమ్మాయి ఏం చేస్తుందంటే పరుపుల బేరం మాట్లాడి మాట మార్చేస్తోంది. మసీదులో అలీ సాహెబ్ అడిగితే నేను చెవుడు నటించాను. నటించాల్సిన పని లేదనుకో, అయినా ఇంకాస్త ఎక్కువ నటించాను.

మన ఇంట్లో చదువులు లేవుగాని తప్పుడు పనులూ లేవు. మా నాన్న భుజాన ఏకుడు విల్లు వేసుకుని పర్చూరు, ఇంకొల్లు, యద్దనపూడి తిరిగేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. ఎవరింటి అరుగు మీద కూర్చుని దూది ఏకితే ఆ ఇంటివాళ్ళే మజ్జిగ పోసేవాళ్ళు. పరుపు కుట్టి ఇచ్చాక, అందులో పెళ్ళివారి దూది మొత్తం ఉందా అని అడిగినవాడు లేడు. అంత నమ్మకం. ఆ పరుపుల మీద పుట్టినవాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. ఆ రోజులు తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

వెంటనే జవాబు రాయి. ఉన్నదున్నట్టు రాయి.

ఇట్లు
మొహిద్దీన్ బాషా


భరూచ్,
3 సెప్టెంబర్ 2023

పెద్దనాన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. నా పక్క గదిలో ఉండే గీతాంజలి, మన ఒంగోలు అమ్మాయే, చదివి వినిపిస్తే మంచం మీంచి లేవలేకపోయింది. పోలీసులు కొడితే తగలకుండా హెల్మెట్ అట.

మందు అంటే తాగే మందు కాదు పెద్దనాన్నా. చేలో కొట్టే మందు. పురుగుమందు. ఇక పెద్దమ్మని ధైర్యంగా చెప్పుకోమను. అలీ సాహెబ్‌కి నువ్వే ముందు చెప్పు. నిజానికి నాన్న నాతో, పెద్దనాన్నకి కెమికల్ అని చెప్పు చాలు, అంతకంటే వద్దు అన్నాడు. నీకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. చూడు, దాచితే ఎంత గోలయిందో.

ఉన్నదున్నట్టు రాయమన్నావుగా, విను. కెమిస్ట్రీ చదివినవాళ్ళు గాజు గ్లాసులో రెండు కలిపి కొత్తది పుట్టిస్తారు. అదే పని ఇంటంత పాత్రలో చెయ్యాల్సొస్తే ఏమవుతుందో చూసేది మేము. అరకిలో బియ్యంతో పెద్దమ్మ ఇంట్లో బిర్యానీ చేయడం వేరు, పెళ్ళికి పెద్ద డేగిసాలో చేయడం వేరు కదా. అన్నీ లెక్కగా పెంచి పోసినా అడుగు మాడుతుంది, పైన పలుకు ఉంటుంది. గ్లాసు వేడెక్కితే నీళ్ళలో పెట్టొచ్చు. ఇంటంత పాత్ర వేడెక్కితే దాన్ని ఎక్కడ పెడతాం? అందుకని దాని చుట్టూ గొట్టాలు, పంపులు, చల్లార్చే ఏర్పాట్లు. లోపలికి పోయిందెంత, బయటికొచ్చిందెంత, మిగిలిందెక్కడ అని నాలుగేళ్ళూ ఇదే గోల. మొదటి ఏడాది లెక్క తేలక ఏడ్చాను. ఇప్పుడు పంపు మోత కొంచెం మారితే చాలు, నడుస్తున్నదాన్ని ఆగిపోతాను. అది మాత్రం పుస్తకంలో నేర్చుకోలేదు, ఇక్కడ తిరిగి తిరిగి వచ్చింది.

కాలేజీ రోజుల్లో శనివారం సాయంత్రం గుంటూరు నుంచి నీ దగ్గరికి వచ్చేదాన్ని. మిర్చి యార్డు దాటేదాకా బస్సులో అందరం తుమ్ముకుంటూనే ఉండేవాళ్ళం. ఇక్కడ ఎంత ఘాటు వాసన వచ్చినా నాకు ఆ తుమ్ముల బస్సే కావాలనిపిస్తుంది. ఏడుపొస్తుంది కూడా, నీకు కాబట్టి చెప్తున్నా.

ఒక్కటి మాత్రం సంతోషంగా ఉంది. మన మార్టూరు పత్తికి కొట్టే మందు రేపు నా చేతుల మీదుగా వస్తుందేమో. ఎవరికి తెలుసు? డబ్బా చూసినప్పుడల్లా మా అమ్మాయి చేసింది అనుకో.

నీ
బట్టీ ఇంజనీరు రుక్సానా


భరూచ్,
12 నవంబర్ 2023

పెద్దనాన్నా,

ఆ ఉత్తరం తర్వాత ఇంకొకటి కూడా రాశాను, దేనికీ జవాబు లేదు. నాన్నని అడిగితే బాగానే ఉన్నారులే అంటాడు, ఆ తర్వాత వేరే మాట ఎత్తుతాడు.

నీ మాటలకి నవ్వానని కోపమా? గీతాంజలికి వినిపించి ఉండకూడదు, పొరపాటే. లేకపోతే మగవాళ్ళతో షిఫ్టులు చేస్తున్నానని ఎవరన్నా నీ దగ్గర ఏమన్నా అన్నారా? ఇక్కడ అందరూ మర్యాదగా ఉంటారు. పెద్దమ్మ తెచ్చిన పెళ్ళి సంబంధం నేను కాదన్నందుకు ఆమెకి బాధగా ఉందా? ఏదైనా సరే, తిట్టు, పడతాను. నీ తిట్లు చదివినా ఇంటికొచ్చినట్టుంటుంది.

కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరం క్యాలెండర్లు ముందే ఇచ్చారు. ఒకటి పంపుతున్నాను. పైన విచ్చుకున్న పత్తికాయ బొమ్మ ఉంది, పక్కన మా మందు డబ్బా. కొట్లో గోడకి తగిలించు. వచ్చేపోయే వాళ్ళకి చూపించు.

కిటికీ వెనక పత్తి తెల్లబడింది. నాకు పరుపు మీద కాదు, నీ కొట్టు నేల మీద పడుకోవాలనుంది.

నీ
రుక్సానా


మార్టూరు,
17 డిసెంబర్ 2023

రుక్సానా,

క్యాలెండర్ అందింది. పొయ్యిలో పెట్టాను. దాన్ని చూసి మీ పెద్దమ్మ లోపలికి పోయి పడుకుంది, ఆ పూట లేవలేదు.

నువ్వు రాసిన కారణాల్లో ఒక్కటీ కాదు. నీ తప్పూ కాదు. నీకు తెలియదు. తెలిసినవాడు మీ నాన్న, అందుకే చెప్పొద్దన్నాడు.

అష్రఫ్ జ్వరంతో పోలేదు.

అప్పుడు మేము కౌలుకి పత్తి వేశాం. గుండెల ఎత్తు ఎదిగింది, కాయకి పురుగు పట్టింది. నేను మిల్లులో ఉన్నాను. వాడు స్ప్రేయరు వీపుకి తగిలించుకుని మందు కొట్టడానికి పోయాడు. ఎండకి చొక్కా విప్పాడు, లుంగీ మీదే ఉన్నాడు. గాలి ఎదురు తిరిగింది. మొక్కల మీద పడాల్సింది వాడి మీద పడింది. అయినా చేను సగంలో వదిలి రావడం ఇష్టంలేక మొత్తం కొట్టి వచ్చాడు. ఇంటికొచ్చి, "అమ్మా, నాకు సరిగా కనిపించట్లేదే" అన్నాడు. నోట్లోంచి నురగ. పేట తీసుకుపోతే గుంటూరు పొమ్మన్నారు. గుంటూరు చేరలేదు. నువ్వు అప్పటికి బాగా చిన్నపిల్లవి.

ఆ మందు డబ్బా తర్వాత నేను చూశాను. దాని మీద ఈగ తలకాయంత అక్షరాలు, అన్ని భాషల్లోనూ ఉన్నాయి, ఒక్కటీ కనబడదు. వాడు చదువుకున్నది తక్కువ. వాడేంటి, కళ్ళ డాక్టరు కూడా చదవలేడు. కింద ఎర్రటి ముక్కోణం ఒకటుంది. అదేంటని అమ్మినవాణ్ణి అడిగితే కంపెనీ గుర్తు అన్నాడు. అది విషమని చెప్పే గుర్తని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు.

మరి జ్వరమని ఎందుకు చెప్పామంటావు. మందు వల్ల పోయాడంటే మన దగ్గర ఒక్కటే అర్థం. ఆ రోజుల్లో అప్పుల బాధ పడలేక చుట్టుపక్కల పత్తి రైతులు ఎంతమంది ఆ పని చేశారో నీకు తెలియదు. మా వాడు మందు తాగలేదు, మందు మీద పడింది అని ఎంతమంది నోళ్ళు పట్టుకుని చెప్పను? మన మతంలో అది ఎంత పెద్ద పాపమో నీకు తెలుసు. జనాజాకి నలుగురూ రారేమోనని, కబరస్తాన్‌లో వాడికి చోటు లేదంటారేమోనని భయపడ్డాం. జ్వరం అన్నాం. ఆ తర్వాత వాడి పేరెత్తితే ఎలా పోయాడన్న మాట వస్తుందని పేరే ఎత్తడం మానేశాం. కన్న తల్లి ఇన్నేళ్ళుగా వాడి పేరు పైకి అనలేదు. నీ మొదటి ఉత్తరంలో ఆ పేరు చూసి నేను కొట్టు మూసుకుని కూర్చున్నాను.

నువ్వు సారా కాస్తున్నావనుకుని తిట్టాను. ఇప్పుడనిపిస్తోంది, అదే నిజమైనా బాగుండేదని.

ఆ ఉద్యోగం మానేసి రా. దూది ఏకైనా నిన్ను పోషిస్తాను. మానకపోతే మాత్రం ఈ గడప తొక్కొద్దు. నీ మీద కోపంతో అంటున్న మాట కాదిది. నీ బట్టల మీద ఆ వాసన మీ పెద్దమ్మకి తగిలితే ఆమె తట్టుకోలేదు.

మొహిద్దీన్ బాషా


భరూచ్,
11 ఫిబ్రవరి 2024

పెద్దనాన్నా,

నీ ఉత్తరం పట్టుకుని చాలా రోజులు ఏమీ రాయలేకపోయాను. నన్ను దూదిలో పడేసి నవ్విన మనిషి గురించి నేను రాసినవన్నీ తలుచుకుంటే సిగ్గేస్తోంది. డబ్బా చూసి మా అమ్మాయి చేసిందనుకో అని రాశాను. ఆ క్యాలెండర్ నా చేత్తోనే కవరులో పెట్టాను.

మేము చేసేది ఆనాటి మందు కాదు. కానీ దాని చుట్టమే. ఆ మాట నీ దగ్గర దాచను.

రాజీనామా రాశాను. నా బ్యాగులోనే ఉంది, ఇంకా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్తాను. ఆ తర్వాత నువ్వు ఎలా అంటే అలా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త లైను వేసేముందు అందరూ ఒక గదిలో బల్ల చుట్టూ కూర్చుంటారు. బల్ల మీద గొట్టాల బొమ్మ పరుస్తారు. ఒక్కొక్క గొట్టం మీద వేలు పెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. ఇందులో ఏమీ రాకపోతే? ఎక్కువొస్తే? తక్కువొస్తే? వెనక్కి తిరిగితే? ఒకటి రావాల్సిన చోట ఇంకొకటి వస్తే? మనిషి పొరపాటు పడితే? పొరపాటు పడకూడదని ఎవరూ అనరు, పడతాడనే మొదలుపెడతారు. రోజుల తరబడి ఇదే. మొదట్లో నాకు నిద్రొచ్చేది. చదువంతటిలోకీ మంచి పని ఇదేనని తర్వాత తెలిసింది.

జనవరిలో అలాంటి గదిలో నన్ను రాసిపెట్టే పనిలో కూర్చోబెట్టారు. డబ్బాల్లోకి మందు నింపే లైను అది. ఆ ప్రశ్నల పని నడిపించడానికి బయటినుంచి ఒక రిటైరైన పెద్దాయన వచ్చాడు. చివరి గొట్టం కూడా అయిపోయింది. మూత బిగించే మిషన్ దగ్గర పెద్దాయన కళ్ళద్దాలు తీసి, ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు. అది ఊరికే అడిగే మాట. అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు. నాకు నీ ఉత్తరమే కళ్ళముందుంది.

గాలి ఎదురు తిరిగితే అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఈ డబ్బా కొన్న మనిషికి దీనిమీది అక్షరాలు కనబడకపోతే, ముక్కోణం కంపెనీ గుర్తనుకుంటే, ఎండకి చొక్కా విప్పితే, సగంలో ఆపడం ఇష్టంలేకపోతే అని వరసగా అడిగాను. మా మేనేజరు, మన పని మూత దగ్గరితో అయిపోయింది, మిగతాది అమ్మేవాళ్ళు చూసుకుంటారు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ గది పద్ధతే అంత.

పెద్దాయన మాత్రం పద్ధతిలో ఉండే ప్రశ్నే ఇంకొకటి అడిగాడు.

"ఇలా ఎక్కడైనా జరిగిందా?"

"జరిగింది. మా అన్నకి జరిగింది."

"పేరు?"

"అష్రఫ్. మార్టూరు."

పెద్దాయన మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని, రాయమ్మా అన్నాడు. రాశాను. డబ్బా మీద పెద్ద బొమ్మలు వెయ్యాలని, ఊళ్ళకి వెళ్ళి కొట్టే పద్ధతి చూపించే మనిషి ఉండాలని దాని పక్కన చేర్చారు. చేస్తారో లేదో నాకు తెలియదు. ఇలా రాసినవాటిలో చాలా చెయ్యరు కూడా. నీకు అబద్ధం చెప్పను.

నీ మాట కాదనను. పెద్దమ్మ గడపకంటే నాకు ఏ ఉద్యోగమూ ఎక్కువ కాదు. ఒక్క ముక్క రాయి, వచ్చేస్తాను.

నీ
రుక్సానా


మార్టూరు,
14 మార్చి 2024

తల్లీ రుక్సానా,

రంజాన్ మొదలైంది. నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. దాన్ని మీ పెద్దమ్మకి చదివి వినిపించడానికే నాకు చాలా రోజులు పట్టింది. తీయడం, మడిచి జేబులో పెట్టుకోవడం. మొన్న తెల్లవారుజామున సహరీ తిన్నాక కూర్చోబెట్టి మొత్తం చదివాను.

వాడి పేరు దగ్గర ఆపమంది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆమె పెదాలు కదలడం చూశాను. నాకు వినబడలేదుగాని ఏమందో తెలుసు. తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఇన్నేళ్ళూ ఏడవనిదంతా ఏడ్చాం.

నిన్న మాలిక్ కొట్టు దగ్గరికి పోయాను. అలీ సాహెబ్ ఉన్నాడు, ఇంకా చాలామంది ఉన్నారు. మా అష్రఫ్‌ది జ్వరం కాదు, వాడు మందు తాగినవాడూ కాదు, మా కోసం చేలో మందు కొడుతూ పోయాడు అని అందరిముందూ చెప్పాను. అలీ సాహెబ్ లేచొచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆయనకి ముందే తెలుసట. అప్పుడు వాడికి స్నానం చేయించినవాళ్ళలో ఆయన ఒకడు. ఒంటిమీద వాసన తెలిసిందట. తెలిసి కూడా ముందు వరసలో నిలబడి నమాజు చదివాడు. ఇన్నాళ్ళూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక నీ సంగతి. ఆ రాజీనామా కాగితం చించెయ్. నువ్వు లేచి వచ్చేస్తే ఆ కుర్చీలో కూర్చునేవాడికి మన ఊరి గాలి సంగతి ఏం తెలుస్తుంది? అక్కడే ఉండు. గడప తొక్కొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ మాట నాది కాదు, మీ పెద్దమ్మది. ఆమె కాగితం మీద రాయమంటోంది, నేను రాస్తున్నాను.

ఆ గదిలో మళ్ళీ ఎప్పుడు కూర్చుంటారో తెలుసుకుని రాయమంది. తను కూడా ఒకటి అడగాలట. ఆ రోజు వాడి లుంగీ ఉతికింది ఆమే. వాడు పోయాక కూడా చాలా రోజులు ఆమె చేతులు మంటలెక్కేవి, కళ్ళు తిరిగేవి. కొడుకు పోయిన దిగులనుకున్నాం. ఇప్పటికీ ఊళ్ళో మందు కొట్టొచ్చిన మగాళ్ళ బట్టలు ఆడవాళ్ళే ఉతుకుతున్నారు. వాళ్ళ సంగతి ఎవరైనా అడిగారా అని కనుక్కోమంది.

అడుగు. ఆమె పేరు అడిగితే జాన్‌బీ అని రాయి.

ఇట్లు
మీ పెద్దనాన్న